అప్పు ఎవరిది, ముప్పు ఎవరిది? హరిత విద్యుత్తుకు అభివృద్ధి బ్యాంకుల రుణాలు: ఒక సమీక్ష

రామగుండంలో ఎన్టీపీసీ పొగగొట్టాలు లేచింది ప్రపంచ బ్యాంకు అప్పుతో. విశాఖ దగ్గర సింహాద్రి థర్మల్ ప్లాంటు లేచింది జపాన్ అప్పుతో. ఇప్పుడు అప్పు ఇచ్చిన ఆ ఇద్దరినీ అడిగితే కొత్త బొగ్గు ప్లాంటుకు డబ్బు లేదంటారు. సోలార్‌కు, గాలిమరలకు, కరెంటు లైన్లకు అయితే ఉందంటారు. అప్పు ఇచ్చేవాడి మనసు మారిందన్నది స్పష్టమే. నష్టం వచ్చినప్పుడు దాన్ని మోసేవాడు మారాడా అన్న దగ్గరే వాదన చిక్కుపడి ఉంది.

చిక్కు పెరగడానికి డబ్బు పెరగడం ఒక కారణం. 2024లో బహుళపక్ష అభివృద్ధి బ్యాంకులన్నీ కలిసి వాతావరణ మార్పుకు సంబంధించిన పనులకు ఇచ్చిన మొత్తం 13,700 కోట్ల డాలర్లని వాటి ఉమ్మడి లెక్క. అందులో పేద, మధ్యాదాయ దేశాలకు చేరింది 8,510 కోట్ల డాలర్లు. 2030 నాటికి ఈ రెండో అంకెను ఏటా 12,000 కోట్లకు చేరుస్తామని బాకూ వాతావరణ సదస్సులో మాట ఇచ్చాయి. ఇది చాలదనేవారు, ఇది తప్పు చోటికి పోతోందనేవారు, అసలు ఇది సాయం కాదు అప్పు అని గుర్తుచేసేవారు, ముగ్గురూ ఒకే నివేదికను చేతిలో పెట్టుకుని మాట్లాడుతున్నారు.

అభివృద్ధి బ్యాంకు అంటే ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) మాత్రమే కాదు. జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ, జపాన్ జైకా, షాంఘైలోని బ్రిక్స్ బ్యాంకు, బీజింగ్‌లోని ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు (ఏఐఐబీ) ఉన్నాయి. దేశాల సొంత సంస్థలూ ఉన్నాయి: బ్రెజిల్‌కు బీఎన్‌డీఈఎస్, మనకు ఇరెడా, పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీ. వీటన్నిటికీ హరిత విద్యుత్తులో ఇంత పని ఎందుకు పడిందంటే కారణం ఒక్కటే. బొగ్గు ప్లాంటు కట్టాక కూడా రోజూ బొగ్గు కొనాలి. సోలార్ ప్లాంటుకు ఖర్చంతా మొదటే, అదీ ఎక్కువ భాగం అప్పు తెచ్చి. కాబట్టి సోలార్‌కు వడ్డీయే బొగ్గు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో సోలార్ ప్లాంటుకు పెట్టుబడి మీద పడే ఖర్చు ధనిక దేశాలకంటే కనీసం రెట్టింపని అంతర్జాతీయ ఇంధన సంస్థ చెబుతోంది. ఎండ ఎక్కువ ఉన్న చోటే వడ్డీ ఎక్కువన్న మాట.

డ్యాముల నుంచి బొగ్గుకు, బొగ్గు నుంచి వెనక్కి

మన దేశంలో కరెంటుకు ప్రపంచ బ్యాంకు అప్పు 1950లో దామోదర్ లోయతో మొదలైంది. 1970ల చివర్లో ఎన్టీపీసీ సింగ్రౌలి, రామగుండం ప్లాంట్లకు పెద్ద మొత్తాలు వచ్చాయి. అప్పట్లో బొగ్గు తప్పు కాదు, అభివృద్ధికి గుర్తు. జల విద్యుత్తుకు జపాన్ ముందుకు వచ్చింది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో నీటిని మళ్లీ పైకి తోడగల ఆరు యూనిట్లు, మొత్తం 900 మెగావాట్లు, ఆ అప్పుతో వచ్చినవే. ఇవాళ సోలార్‌కు తోడుగా పంప్డ్ స్టోరేజీ కావాలని అందరూ అంటున్నారు. ఆ పని మన దగ్గర ఎప్పుడో మొదలైందని చాలామందికి గుర్తు లేదు.

మొదటి పెద్ద దెబ్బ నర్మదలో తగిలింది. సర్దార్ సరోవర్‌కు 1985లో 45 కోట్ల డాలర్లు ఇచ్చిన బ్యాంకు, నిర్వాసితుల పోరాటం తర్వాత మోర్స్ నాయకత్వంలో స్వతంత్ర సమీక్ష వేయించింది. 1992లో వచ్చిన ఆ నివేదిక పునరావాసాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. 1993 మార్చిలో భారత ప్రభుత్వం మిగిలిన అప్పు వద్దంది. అదే ఏడాది ప్రపంచ బ్యాంకు ఫిర్యాదుల కోసం ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ పెట్టుకుంది. అప్పు ఇచ్చే సంస్థ మీద ఊరివాళ్లు ఫిర్యాదు చేయవచ్చన్న పద్ధతి అక్కడ పుట్టింది.

అయినా బొగ్గు వెంటనే ఆగలేదు. 2008లో ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ గుజరాత్‌లోని ముంద్రా ప్లాంటుకు 45 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2010లో దక్షిణాఫ్రికా ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎస్కామ్‌కు ప్రపంచ బ్యాంకు 375 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. సింహభాగం మెడూపి బొగ్గు ప్లాంటుకు, చివర కాస్త గాలికి, సౌరానికి. అమెరికా, బ్రిటన్ సహా కొన్ని దేశాలు ఓటు వేయకుండా కూర్చున్నాయి. మెడూపి చివరి యూనిట్ పూర్తవడానికి 2021 వరకు పట్టింది. ఆ సంబరం నెల తిరగకముందే మరో యూనిట్‌లో పేలుడు జరిగింది. బొగ్గయితే నమ్మకంగా కరెంటు ఇస్తుందన్న వాదానికి ఇంతకంటే చేదు ఉదాహరణ దొరకడం కష్టం.

2013లో ప్రపంచ బ్యాంకు తప్పనిసరి పరిస్థితుల్లో తప్ప బొగ్గుకు ఇవ్వనంది. 2017లో చమురు, గ్యాస్ వెలికితీతకు 2019 తర్వాత ఇవ్వనంది. 2021లో ఏడీబీ బొగ్గుకు తలుపు మూసింది. ఇదంతా ఒకే దిశలో సాగిపోతోందనుకుంటుండగా 2025 జూన్‌లో ప్రపంచ బ్యాంకు అణు విద్యుత్తుపై ఏళ్లనాటి నిషేధాన్ని ఎత్తేసింది, గ్యాస్ విషయంలోనూ తలుపు కాస్త తెరిచి పెట్టింది.  

తెలుగు నేల మీద: సంస్కరణల అప్పు

ప్లాంటుకు ఇచ్చే అప్పు ఒక రకం. విధానం మార్చుకోమని ఇచ్చే అప్పు మరో రకం. ఈ రెండోదాన్ని ఆంధ్రప్రదేశ్ చూసినంత దగ్గరగా చూసిన రాష్ట్రాలు తక్కువ. హితేన్ భయ్యా కమిటీ సిఫార్సుల తర్వాత 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలింది. విడతలవారీగా తలపెట్టిన కార్యక్రమంలో తొలి విడతగా ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2000లో నాలుగు విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఏర్పడ్డాయి. చార్జీల నిర్ణయం ప్రభుత్వం చేతి నుంచి కొత్తగా పుట్టిన విద్యుత్ నియంత్రణ మండలికి వెళ్లింది.

ఆ ఏడాది పెరిగిన చార్జీలకు నిరసనగా ఆగస్టు 28న హైదరాబాద్‌లో సాగిన ప్రదర్శన మీద బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. 2004 ఎన్నికల తర్వాత కొత్త ప్రభుత్వం రైతులకు ఉచిత విద్యుత్తు ఫైలు మీద మొదటి సంతకం పెట్టింది. నాటి నుంచి ఇక్కడ ప్రపంచ బ్యాంకు పేరు చెబితే కరెంటు బిల్లు గుర్తుకొస్తుంది.

ఈ కథను రెండు రకాలుగా చదువుతారు. సంస్కరణల వల్లే మీటర్లు, లెక్కలు, బహిరంగ విచారణలు వచ్చాయని, తర్వాత వచ్చిన గాలి, సౌర ఒప్పందాలకు అవే పునాది అని ఒక వర్గం. ధర పెంచడం తప్ప మరో మందు తెలియని వైద్యుడి చీటీ అది అని మరో వర్గం. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. సంస్థలు నిలబడ్డాయి. డిస్కంల నష్టాలూ నిలబడ్డాయి.

2016, 2017ల్లో అందరికీ 24 గంటల కరెంటు పథకానికి ప్రపంచ బ్యాంకు 24 కోట్ల డాలర్లు, ఏఐఐబీ 16 కోట్ల డాలర్లు ఆంధ్రప్రదేశ్‌కు మంజూరు చేసినప్పుడు ఈ పాత గొడవ ఎవరూ తవ్వలేదు. అది చార్జీల అప్పు కాదు, సబ్‌స్టేషన్ల, లైన్ల అప్పు. ఏఐఐబీ మన దేశానికి ఇచ్చిన తొలి రుణం కూడా అదే.

ఎవరి వాదన ఏమిటి

ఇవాళ ఎక్కువగా వినిపించే వాదన ప్రైవేటు డబ్బును రప్పించాలన్నది. వందల కోట్ల ప్రభుత్వ డాలర్లు లక్షల కోట్ల ప్రైవేటు డాలర్లను వెంటబెట్టుకు రావాలని 2015లో ప్రపంచ బ్యాంకు, దాని తోటి సంస్థలు నినాదం ఇచ్చాయి. బ్యాంకు తానే ప్లాంటు కట్టించనక్కర్లేదు, పెట్టుబడిదారుణ్ని భయపెట్టే ముప్పును తగ్గిస్తే చాలు అన్నది దాని సారం.

దీనికి చూపే మేలైన ఉదాహరణ మధ్యప్రదేశ్‌లోని రేవా సోలార్ పార్కు. 750 మెగావాట్లు, ఒక్కొక్కటి 250 చొప్పున మూడు ముక్కలు. ఐఎఫ్‌సీ వేలం పత్రాలు తయారుచేయించింది. పార్కు లోపలి సబ్‌స్టేషన్లకు, లైన్లకు ప్రపంచ బ్యాంకు, క్లీన్ టెక్నాలజీ ఫండ్ డబ్బు ఇరెడా ద్వారా వచ్చింది. అసలు తెలివి డబ్బులో లేదు, ఒప్పందం షరతుల్లో ఉంది. డిస్కం బిల్లు కట్టకపోతే మొదట లెటర్ ఆఫ్ క్రెడిట్, అది చాలకపోతే ప్రత్యేక నిధి, అదీ చాలకపోతే రాష్ట్ర ప్రభుత్వ పూచీ. గ్రిడ్ తీసుకోలేకపోయినా, ఉత్పత్తి అయ్యేదంతా అయినట్టే లెక్కగట్టి పరిహారం. కొనేవాళ్లలో నెలనెలా ఠంచనుగా బిల్లు కట్టే ఢిల్లీ మెట్రో. 2017 ఫిబ్రవరి వేలంలో మొదటి ఏడాది ధర యూనిట్‌కు 2.97 రూపాయలకు దిగింది. అంతకు ఏడాదిన్నర లోపే, 2015 నవంబరులో, ఆంధ్రప్రదేశ్ 500 మెగావాట్ల వేలంలో వచ్చిన 4.63 రూపాయలే చవక అని ఆశ్చర్యపోయారు. ఆ ధర వేసిన సన్‌ఎడిసన్ కంపెనీ అయిదారు నెలల్లో అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది.

రేవా ఘనతంతా ఐఎఫ్‌సీదేనా? మూడు నెలలకే రాజస్థాన్ భాద్లాలో ధర 2.44కు పడింది. చైనా ప్యానెళ్ల ధరలు ప్రపంచమంతా కూలుతున్న రోజులవి. షరతుల వాటా ఎంతో, ప్యానెళ్ల వాటా ఎంతో విడదీసి చెప్పిన లెక్క ఏదీ అందరినీ ఒప్పించలేదు. పైగా అలాంటి ప్రాజెక్టులు అన్ని చోట్లా పండలేదు. లండన్‌లోని ఓడీఐ సంస్థ 2019లో వేసిన లెక్క ప్రకారం అభివృద్ధి బ్యాంకులు పెట్టిన ప్రతి డాలరుకు సగటున వచ్చిన ప్రైవేటు డబ్బు 75 సెంట్లు. అత్యంత పేద దేశాల్లో 37 సెంట్లు. లక్షల కోట్ల నినాదం పక్కన ఈ పైసలు చిన్నబోతాయి.

రెండో వాదన ఇక్కడే పుంజుకుంటుంది. ప్రైవేటు పెట్టుబడికి ముప్పు తగ్గించడమంటే ఆ ముప్పును ప్రభుత్వం నెత్తిన పెట్టడమే అని డానియేలా గేబర్ వంటి ఆర్థికవేత్తలు అంటారు. రేవాలో చివరి పూచీ రాష్ట్ర ఖజానాదే కదా అన్నది వారి ప్రశ్న. దానికంటే ప్రభుత్వ బ్యాంకు నేరుగా, సొంత కరెన్సీలో, సొంత పరిశ్రమ పెరిగేలా అప్పు ఇస్తే మేలంటారు. వారు చూపేది బ్రెజిల్. 1952లో పుట్టిన బీఎన్‌డీఈఎస్ గాలిమరలకు రియాల్లలోనే అప్పు ఇచ్చింది. టర్బైన్‌లో స్వదేశీ భాగాలు ఇంత ఉండాలని షరతు పెట్టింది. ఈశాన్య బ్రెజిల్‌లో గాలి విద్యుత్తుతో పాటు దాని విడిభాగాల ఫ్యాక్టరీలూ లేచాయి. అయితే ఆ చవక వడ్డీ భారం ఖజానా మీద పడుతోందన్న విమర్శతో 2018లో వడ్డీ విధానాన్నే మార్చుకోవాల్సి వచ్చింది. చవక అప్పు ఎవరో ఒకరి ఖర్చే. ఆ ఎవరో ఒకరు బడ్జెట్‌లో కనిపిస్తారా, కనిపించరా అన్నదే తేడా.

మన దేశం ఈ రెండు దారుల్లోనూ ఒక్కో కాలు వేసింది. 1987లో పెట్టిన ఇరెడాకు ప్రపంచ బ్యాంకు, కేఎఫ్‌డబ్ల్యూ వంటివి అప్పు ఇస్తే అది గాలి, చిన్న జల విద్యుత్తు కంపెనీలకు రూపాయల్లో ఇచ్చేది. బ్రిక్స్ బ్యాంకు తన తొలి రుణాల్లో ఒకటిగా 2016లో కెనరా బ్యాంకుకు 25 కోట్ల డాలర్లు ఇచ్చిందీ పునరుత్పాదక విద్యుత్తుకే. ఇంటి పైకప్పు సోలార్‌కు స్టేట్ బ్యాంకు ద్వారా ప్రపంచ బ్యాంకు 62.5 కోట్ల డాలర్లు, పంజాబ్ నేషనల్ బ్యాంకు ద్వారా ఏడీబీ 50 కోట్ల డాలర్లు పెట్టాయి. 2022 నాటికి 40 గిగావాట్ల పైకప్పు లక్ష్యం మాత్రం ఆమడ దూరంలో ఆగిపోయింది. ఇళ్లవాళ్లు కదిలింది 2024లో కేంద్రం మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ప్రకటించాక.

మూడో వాదన న్యాయం గురించి, దానికి రెండు ముఖాలు. ఒకటి ఊరి ముఖం. ముంద్రా దగ్గరి జాలర్లు ఐఎఫ్‌సీ మీద అమెరికాలో దావా వేస్తే, ఇలాంటి సంస్థలకు దావాల నుంచి సంపూర్ణ రక్షణ లేదని 2019 ఫిబ్రవరిలో ఆ దేశ సుప్రీంకోర్టు 7–1తో తేల్చింది. వాళ్ల అసలు కేసును మాత్రం కింది కోర్టు తర్వాత కొట్టేసింది. సోలార్‌కూ భూమి కావాలి కాబట్టి ఈ ప్రశ్న బొగ్గుతో పోదు. రెండోది దేశాల ముఖం. 2021లో నాటి నైజీరియా ఉపాధ్యక్షుడు యెమి ఒసిన్‌బాజో గ్యాస్‌కు డబ్బు ఆపడం ఆఫ్రికాకు అన్యాయమని రాశారు. తర్వాతి ఏడాదే, ఉక్రెయిన్ యుద్ధంతో, ఐరోపా దేశాలు గ్యాస్ టెర్మినళ్ల కోసం పరుగెత్తడం ఆయన మాటకు బలం ఇచ్చింది.

తీగ లేని గాలిమర

వాదనలను పక్కన పెట్టి ప్రాజెక్టులను చూస్తే ఎక్కువ డబ్బు చెడింది తీగ దగ్గర.

కెన్యాలో తుర్కానా సరస్సు పక్కన ఎడారి లాంటి మెరకల మీద 365 గాలిమరలు పెట్టారు, 310 మెగావాట్లు. ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు, ఐరోపా పెట్టుబడి బ్యాంకు వంటివి వెనక ఉన్నాయి. వాడినా వాడకపోయినా డబ్బు కట్టాలన్న షరతును చూసి ప్రపంచ బ్యాంకు 2012లోనే తప్పుకుంది. 2017 నాటికి మరలన్నీ నిలబడ్డాయి. వాటిని గ్రిడ్‌కు కలిపే 430 కిలోమీటర్ల దాకా ఉన్న లైను మాత్రం లేదు. దాన్ని కట్టాల్సిన స్పెయిన్ కాంట్రాక్టరు దివాలా తీసింది. లైను 2018 సెప్టెంబరులో పూర్తయ్యేదాకా గాలి వీస్తూనే ఉంది, కరెంటు రాలేదు, ఆలస్యానికి కెన్యా జరిమానా కట్టింది. పైగా ఆ భూమి పట్టాలు చట్టబద్ధంగా ఇవ్వలేదని 2021లో కోర్టు చెప్పింది.

వియత్నాం కథ తిరగేసినది. అక్కడ అభివృద్ధి బ్యాంకుల పాత్ర చిన్నదే. ప్రభుత్వం యూనిట్‌కు 9.35 అమెరికా సెంట్ల ధర ప్రకటించేసరికి రెండేళ్లలో, 2020 చివరికి, దాదాపు సున్నా నుంచి 16 గిగావాట్లు దాటిన సోలార్ వచ్చిపడింది. ఎక్కువగా స్థానిక బ్యాంకుల అప్పుతోనే. ప్లాంట్లకు అంతర్జాతీయ బ్యాంకు తప్పనిసరి కాదని ఇది రుజువు. కానీ నిన్ థువాన్, బిన్ థువాన్ రాష్ట్రాల్లో లైన్లు చాలక మిట్టమధ్యాహ్నం ప్లాంట్లు ఆపుకోవాల్సి వచ్చింది. ధర పిలిస్తే ప్యానెళ్లు వస్తాయి. తీగ పిలిస్తే రాదు, ఎవరో ముందే కూర్చుని వేయాలి.

ఈ పని మన దగ్గర కాస్త నయంగా జరిగింది. గ్రీన్ ఎనర్జీ కారిడార్ తొలి దశలో గాలి, సౌరం ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల లోపలి లైన్లకు ఖర్చులో 40 శాతం కేంద్రం గ్రాంటు, 40 శాతం కేఎఫ్‌డబ్ల్యూ అప్పు, 20 శాతం రాష్ట్రాల వాటా. ఆంధ్రప్రదేశ్ ఆ ఎనిమిదిలో ఒకటి. గడువులు పదేపదే దాటాయి, అది వేరే సంగతి. అయినా అనంతపురం, కర్నూలు గాలిమరలు తుర్కానా మరల్లా తీగ కోసం ఎదురుచూస్తూ ఏడాదికి పైగా నిలబడలేదు. రిబ్బన్ కత్తిరించడానికి మంత్రులు సబ్‌స్టేషన్ కంటే సోలార్ పార్కునే ఇష్టపడతారు, బ్యాంకుల వార్షిక నివేదికల అట్టల మీదా ప్యానెళ్లే మెరుస్తాయి. అభివృద్ధి బ్యాంకు డబ్బుకు తగిన చోటు మాత్రం ఆ ముస్తాబు లేని సబ్‌స్టేషనే.

డాలరు అప్పు, రూపాయి బిల్లు

సోలార్ ఒప్పందం 25 ఏళ్లు, రూపాయల్లో. అప్పు చాలాసార్లు డాలర్లలో. ఈ రెండింటి మధ్య సందులో ఎవరు నిలబడాలి?

రాష్ట్రాలు తీసుకునే విదేశీ రుణాల విషయంలో ఇది 2005లో తేలిపోయింది. అంతకుముందు మారకపు ముప్పు కేంద్రానిది. పన్నెండో ఆర్థిక సంఘం సిఫార్సు తర్వాత, కొన్ని ప్రత్యేక రాష్ట్రాలు తప్ప మిగతావాటికి, అప్పు ఏ షరతులతో వస్తే ఆ షరతులతోనే రాష్ట్రానికి బదిలీ అవుతుంది. డాలరు పెరిగితే రాష్ట్రమే కట్టుకోవాలి. 

లెక్క కోసం 24 గంటల కరెంటు పథకానికి మంజూరైన 40 కోట్ల డాలర్లనే తీసుకుందాం. 2017 మేలో డాలరు 64 రూపాయల యాభై పైసల దరిదాపుల్లో ఉంది. ఆ రేటున అది 2,580 కోట్ల రూపాయలు. 2025లో డాలరు 85 దాటింది. అసలు ఒక్కటీ తీర్చకుండా ఉంటే అదే అప్పు 3,400 కోట్లు. నిజానికి వాయిదాలు కడుతూ పోతారు కాబట్టి తేడా ఇంత ఉండదు. డాలరు వడ్డీ రూపాయి వడ్డీకంటే తక్కువ కావడం వల్ల కొంత పూడుతుంది కూడా. కానీ 2021లో సున్నా దగ్గర ఉన్న అమెరికా వడ్డీ 2023కి 5 శాతం దాటింది. మారే వడ్డీకి తీసుకున్నవాళ్లకు ఆ పూడికా తగ్గింది.

మందులు కొన్ని కనిపెట్టారు. 2014 నవంబరులో ఐఎఫ్‌సీ లండన్‌లో వెయ్యి కోట్ల రూపాయల మసాలా బాండు (విదేశాల్లో అమ్మే రూపాయి బాండు) అమ్మింది. ముప్పు పెట్టుబడిదారుడిది, మనది కాదు. పేద దేశాల కరెన్సీలకు బీమా లాంటి ఏర్పాటుగా 2007 నుంచి టీసీఎక్స్ అనే సంస్థ పనిచేస్తోంది. 2026 నాటికి తన రుణాల్లో 30 శాతం సభ్యదేశాల కరెన్సీల్లోనే ఇస్తానని బ్రిక్స్ బ్యాంకు లక్ష్యం పెట్టుకుంది. అవసరం ముందు ఇవన్నీ చెంబుడు నీళ్లే. భారత్ జీ20 అధ్యక్షతలో ఎన్.కె. సింగ్, లారీ సమ్మర్స్ నాయకత్వంలోని నిపుణులు 2030 నాటికి బహుళపక్ష బ్యాంకుల రుణాలు మూడింతలై ఏటా 39,000 కోట్ల డాలర్లు కావాలన్నారు. ఎంత అన్నదాని మీద నడిచినంత చర్చ ఏ కరెన్సీలో అన్నదాని మీద నడవలేదు. ఈ సమీక్షకుడి దృష్టిలో రెండోదే ముందు తేలాల్సింది.

కొనేవాడు కట్టకపోతే

2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత గాలి, సౌర ఒప్పందాల ధరలు తగ్గించే చర్చలకు ఉన్నతస్థాయి కమిటీని వేస్తూ జీవో ఇచ్చింది. ప్రభుత్వ వాదన తేలిగ్గా తీసేయదగింది కాదు. కొత్త వేలాల్లో ధరలు సగానికి దగ్గరగా పడ్డాయి, పాత గాలి ఒప్పందాలు కొన్ని యూనిట్‌కు 4.84 రూపాయల దాకా ఉన్నాయి, డిస్కంలు అప్పుల్లో ఉన్నాయి. కంపెనీల వాదనా తేలిగ్గా తీసేయదగింది కాదు. ఆ 4.84ను నమ్మే బ్యాంకు అప్పు ఇచ్చింది. సెప్టెంబరులో హైకోర్టు జీవోను పక్కన పెట్టి, మధ్యంతరంగా గాలికి 2.43, సౌరానికి 2.44 చొప్పున కట్టమంది. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ ఒప్పందంలో ఉన్న ధరే కట్టాలని తేల్చింది. నడుమ దాదాపు రెండున్నరేళ్లు చాలా ప్లాంట్లు సగం డబ్బుతో నడిచాయి.

అభివృద్ధి బ్యాంకులు దీనికి మందుగా చెప్పేవి పూచీలు, మీటర్లు, సంస్కరణలు. దేశం మొత్తం మీద బకాయిల్లో పెద్ద కదలిక మాత్రం అప్పుతో రాలేదు, నిబంధనతో వచ్చింది. 2022 జూన్ నాటికి డిస్కంలు ఉత్పత్తి కంపెనీలకు బాకీపడ్డ 1.38 లక్షల కోట్ల రూపాయలను కేంద్రం వాయిదాల్లో కట్టేలా చేసింది. కట్టని డిస్కంకు మార్కెట్‌లో కరెంటు కొనే వీలు కత్తిరిస్తామంది. వాయిదాలు కదిలాయి.

మూయడానికీ అప్పు

బొగ్గు ప్లాంట్లను మూయడానికి అప్పు ఇవ్వడం కొత్త అధ్యాయం, ఇంకా పాఠాలు తేలనిది. దక్షిణాఫ్రికా కొమాటి బొగ్గు ప్లాంటును 2022 అక్టోబరులో ఆపేశారు. అక్కడ సౌరం, గాలి, శిక్షణ కోసం ప్రపంచ బ్యాంకు 49.7 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ప్లాంటు ఆగింది, బదులు ఉద్యోగాలు ఆ వేగంతో రాలేదు, దేశంలో కరెంటు కోతలు తీవ్రంగా ఉన్న కాలంలో ఆపడమేమిటని సొంత మంత్రులే అడిగారు. ఇండొనేషియాలోని చిరెబాన్-1ను ఏడేళ్లు ముందుగా, 2035లోనే మూయిస్తామని ఏడీబీ 2023లో ప్రాథమిక ఒప్పందపత్రం రాసుకుంది. ధనిక దేశాలు దక్షిణాఫ్రికాకు 850 కోట్లు, ఇండొనేషియాకు 2,000 కోట్లు, వియత్నాంకు 1,550 కోట్ల డాలర్ల మేర బొగ్గు నుంచి బయటపడే పరివర్తన ఒప్పందాలు ప్రకటించాయి. వాటిలో గ్రాంటు కొంచెం, అప్పు ఎక్కువ. 2025 మార్చిలో అమెరికా ఈ మూడింటి నుంచీ తప్పుకుంది. మనం ఇలాంటి ఒప్పందంలో చేరలేదు. దాదాపు 40 వేల మంది పనిచేసే సింగరేణి బొగ్గు గనుల వైపు నుంచి చూస్తే ఆ నిర్ణయం అర్థమవుతుంది. కొమాటిని ఒక్కసారి చూసినవాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే, తేలనివి

రేవాలో పూచీ పనిచేసింది, చివరి భారం రాష్ట్రానిది. తుర్కానాలో పూచీ ఉంది, తీగ లేదు, భారం కెన్యా వినియోగదారుడిది. వియత్నాంలో పూచీ లేదు, ధర ఉంది, నష్టం ప్లాంటు యజమానికీ అప్పిచ్చిన స్థానిక బ్యాంకుకూ. బ్రెజిల్‌లో కరెన్సీ సమస్య లేదు, ఖర్చు ఖజానాది. మెడూపిలో బొగ్గూ ఉంది, అప్పూ ఉంది, కరెంటు సమయానికి రాలేదు. ఏ నమూనాలోనూ ముప్పు మాయం కాలేదు, చేతులు మారిందంతే.

తేలని ప్రశ్నలు చాలానే ఉన్నాయి. బ్యాంకు రాకపోయినా ఆ ప్లాంటు వచ్చేదా అన్నది మొదటిది. దీనికి సూటి జవాబు సాధ్యం కాకపోవచ్చు. వాతావరణ సాయం పేరిట రాసే అంకెల్లో ఏది లెక్కలోకి వస్తుందన్నది రెండోది. 2020లో ప్రపంచ బ్యాంకు చెప్పిన 1,720 కోట్ల డాలర్లలో 40 శాతం దాకా బయటివాళ్లు సరిచూసుకునే వీలు లేదని ఆక్స్‌ఫామ్ 2022లో అంది. గ్యాస్, అణు విద్యుత్తు మీద బ్యాంకుల మాట వాటి పెద్ద వాటాదారుల ఎన్నికలతో మారుతుందా అన్నది మూడోది. గత రెండేళ్లు చూస్తే మారుతుందనే అనిపిస్తుంది.

మన వరకు వస్తే, ఈ అప్పుల వడ్డీ చివరికి డిస్కంలు, ట్రాన్స్‌కో ఏటా సమర్పించే ఆదాయ అవసరాల పట్టికల్లో ఒక వరుసగా తేలుతుంది. ఆ పట్టికల మీద తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. ఏ వినియోగదారుడైనా అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు, వెళ్లి మాట్లాడవచ్చు. ఆ మండలి పద్ధతి మన దగ్గరికి వచ్చింది 1998 చట్టంతో, ప్రపంచ బ్యాంకు అప్పు వెంట.